తడి ఆరేలోపు

డిసెంబరులో ఒడిశాలోని కొరాపుట్‌లో పొద్దున్న ఏడు దాటినా మంచు విడదు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. కింద విజయనగరం నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళకి రెండో రోజుకే పెదాలు పగులుతాయి. అక్కడి రైల్వే క్వార్టర్స్‌లో మా చుట్టాలింట్లో నెలన్నర పాపకి మామ్మ నీళ్ళు పోస్తుంటే, చెంబు అందిస్తూ పక్కన నిలబడ్డాను.

మామ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద బోర్లా వేసుకుంది. కాగులో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. చన్నీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ కలిపింది. అంతవరకూ వంక పెట్టడానికి లేదు. స్నానం అయ్యాక పాపను ఎత్తి తువ్వాలు కోసం చూస్తే, అది పెరట్లో దండెం మీద మంచుకి చెమ్మగిల్లి వేలాడుతోంది. "లోపల ఇంకోటుంది, తీసుకురావే" అని కోడల్ని పంపింది. కోడలు వెతికి తెచ్చేసరికి రెండు నిమిషాలు. పాప ఏడుపు అందుకుంది, అరికాళ్ళు నీలానికి తిరిగాయి. పక్క క్వార్టర్ ఒడియా ఆవిడ గోడ మీంచి "ఛువాకు జాడొ లాగిబొ" అని కేకేసింది, పిల్లకి చలేస్తుందని. ఆవిడ మాటే నిజం. చలి పుట్టింది నీళ్ళు పోసినప్పుడు కాదు, పోయడం ఆపాక.

ఎండాకాలం మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో, తడి బిడ్డా అందుకే చల్లబడుతుంది. కుండ పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని కుండ నుంచే లాక్కుంటుంది. చర్మం మీద ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. (బిస్కెట్ ప్యాకెట్ మీద రాసే కేలరీ కాదిది, అందులో వెయ్యో వంతు.) మూడు కిలోల బిడ్డ ఒళ్ళు ఒక డిగ్రీ చల్లబడాలంటే పోవలసిన వేడి దాదాపు 2,500 కేలరీలు. ఒక టీ చెంచాడు నీళ్ళు, అంటే 5 గ్రాములు, ఒంటి మీదే ఆరిపోతే 2,900 కేలరీలు పోతాయి. నిజానికి ఒళ్ళు అంత చల్లబడదు. ఆ వేడిలో కొంత గాలి నుంచి వస్తుంది, బిడ్డ లోపలి పొయ్యీ మండుతూనే ఉంటుంది. అయినా తడి జుట్టులో, మెడ మడతల్లో, చంకల్లో ఒక చెంచాడు నీళ్ళు మిగలడం ఎంతసేపు? మంచు విడిచాక కొరాపుట్ చలికాలపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి ఇంకా త్వరగా ఆవిరవుతుంది. దానికి తోడు పెరటి గాలి.

మనకీ అదే గాలి తగులుతుంది కదా అంటే, లెక్క ఒకటి కాదు. మూడు కిలోల పసిబిడ్డ చర్మం అంతా కలిపి 0.2 చదరపు మీటర్లు ఉంటుంది. కిలో బరువుకి ఎంత చర్మమో చూస్తే పెద్దవాళ్ళకున్న దానికి రెండు రెట్లు పైమాటే. లోపల వేడి తక్కువ, అది బయటికి పోయే వాకిలి పెద్దది. ఒంట్లో తల వాటా మనకంటే వాళ్ళలో చాలా ఎక్కువ, అందుకే తడి తల అంత చేటు. పైగా మనలా వణికి వేడి పుట్టించుకోవడం పసివాళ్ళకి చేతకాదు. దాని బదులు మెడ దగ్గరా, వెనక రెక్కల మధ్యా, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు అని ఒకటి ఉంటుంది. అది కరిగి నేరుగా వేడిగా మారుతుంది. కానీ ఆ పనికి చక్కెరా ఆక్సిజనూ బాగా ఖర్చవుతాయి. బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి ఆ కొవ్వూ తక్కువే. 2.5 కిలోల లోపు పిల్లలకి డాక్టరు సరే అనేదాకా స్నానం మాట తలపెట్టకుండా, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. మామూలు బిడ్డకైనా పుట్టిన 24 గంటల దాకా నీళ్ళు పోయవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరీ వేడి నీళ్ళు పోస్తే ఆ వేడి ఒంట్లో నిలవదు. చర్మం కింద రక్తనాళాలు వెడల్పయి, బయటికి తీశాక వేడి ఇంకా జోరుగా పోతుంది. మోచేతికి గోరువెచ్చగా తగిలితే సరిపోయినట్టే. నన్నడిగితే, కాగు కింద పొయ్యి రాజేసే ముందే తలుపులు వేసిన గదిలో రెండు పొడి తువ్వాళ్ళు, పొత్తిగుడ్డలు, చొక్కా, టోపీ వరసగా పరిచి ఉంచాలి. ముందు తల అద్దాలి, తర్వాత మడతలు. మొదటి తువ్వాలు తడవగానే పక్కన పడేసి రెండోదాంట్లో చుట్టాలి. తడి తువ్వాల్లోనే పడుకోబెట్టి కాటుక, పౌడరు, దిష్టిచుక్క అంటూ కూర్చోవడం చాలా ఇళ్ళలో చూశాను. ఆ ముస్తాబంతా బట్టలు తొడిగాక చేసుకోవచ్చు.

సాంబ్రాణి దగ్గర నాకూ మామ్మకీ పేచీ. ఆ వాసన నాకూ ఇష్టమే. కానీ జుట్టును ఆరబెట్టేది నిప్పు వేడి, పొగ కాదు. పసి ఊపిరితిత్తులకి పొగ మంచిది కాదు. తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటైతే మరీ ప్రమాదం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు.

బట్టల విషయంలో మందపాటి స్వెట్టరు ఒక్కటి వేసేకంటే పల్చటి నూలు బట్టలు రెండు వేయడం మేలు. మధ్యలో చిక్కిన గాలే వెచ్చదనం. మనం వేసుకున్నదానికి ఒక వరస ఎక్కువ ఉంటే చాలు. మూడు స్వెట్టర్లు బిగిస్తే బిడ్డకి చెమట పడుతుంది, చెమటంటే మళ్ళీ తడే. మెడ వెనక వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

చలేసిందో లేదో తెలుసుకోవడానికి ఇళ్ళకి వచ్చే ఆశా దీదీలు చూపించే పద్ధతి నాకు బాగా నచ్చింది. అరచెయ్యి తిప్పి, దాని వెనక భాగంతో బిడ్డ పొట్టనీ పాదాల్నీ తాకాలి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైందని అర్థం. అప్పుడు తల్లి గుండెకి చర్మానికి చర్మం తగిలేలా ఆనించి, పైన శాలువా కప్పి, పాలు పట్టాలి. ఆ రోజు పాప పాదాలు అలాగే వేడెక్కాయి, అరగంటలోపే. థర్మామీటరుంటే చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. పొట్టా పాదాలూ రెండూ చల్లబడి, బిడ్డ పాలు పీల్చకుండా మగతగా పడి ఉంటే ఇంట్లో కాపడం పెడుతూ కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. దారిలోనూ దుప్పట్లో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టడం కాదు, రవికె లోపల గుండెకి హత్తుకునే తీసుకెళ్ళాలి. తల్లికి ఓపిక లేకపోతే తండ్రి చొక్కా గుండీలు విప్పినా అంతే వెచ్చదనం.