మందార మొగ్గ తెగే చోటు

మందార మొగ్గలు విచ్చుకోకముందే ఎందుకు రాలిపోతున్నాయని ఒక పాఠకురాలు అడిగారు. కుండీకి రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నానని కూడా ఆమె రాశారు. సమాధానంలో సగం ఆ రెండో మాటలోనే ఉంది. ఎండ, ఎరువు, కత్తిరింపుల గురించి అందరూ చెబుతూనే ఉంటారు కనుక వాటిని వదిలి, నాకెంతో ఇష్టమైన ఒక చిన్న కణుపు దగ్గరకు నేరుగా వెళ్తాను.

మొగ్గ తొడిమను వేలితో తడిమితే పైభాగాన కాస్త ఉబ్బెత్తుగా ఒక కణుపు తగులుతుంది. మొగ్గ రాలితే సాధారణంగా అక్కడే ఊడుతుంది. చేత్తో తుంచిన తొడిమ చివర పీచుపీచుగా ఉంటుంది, దానంతట అది రాలిన దాని చివర మాత్రం నున్నగా ఉంటుంది. అది విరిగినది కాదు, మొక్క తానే విడదీసుకున్నది. ఆ కణుపులో అడ్డంగా అమరిన కొన్ని వరుసల కణాలు సెల్యులేజ్, పాలీగెలాక్టురనేజ్ వంటి ఎంజైములను స్రవించి, కణాన్ని కణంతో అతికించే పెక్టిన్‌ను కరిగిస్తాయి. మిగతా పని మొగ్గ బరువే చేస్తుంది.

ఎదిగే మొగ్గ నుంచి ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను తొడిమ గుండా కిందికి జారుతున్నంతకాలం ఆ కణాలు, రాలడాన్ని పురిగొల్పుతూ మొక్కలోనే పుట్టే ఇథిలిన్ వాయువును అంతగా లెక్కచేయవు. వెలుతురు చాలకో మరే కారణానో మొగ్గ నీరసించి ఆ ప్రవాహం సన్నగిల్లిందా, కొద్దిపాటి ఇథిలిన్‌కే అవి లొంగిపోతాయి.

నీళ్లు ఎక్కువైతే వేళ్లు కుళ్లుతాయని చెప్పి పాఠాల్లో ఊరుకుంటారు. అంతకన్నా చిత్రమైనది అంతకు ముందే జరుగుతుంది. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక మునిగిన వేళ్లకు ఊపిరాడదు. ఇథిలిన్‌కు ముడిసరుకైన ఏసీసీ అనే పదార్థాన్ని అవి తయారుచేయగలవు గాని, దాన్ని ఇథిలిన్‌గా మార్చే చివరి మెట్టుకు ఆక్సిజన్ తప్పనిసరి. అలా మిగిలిపోయిన ఏసీసీ నీటితోపాటు దారువు, అంటే నీటిని మోసే నాళాల గుండా పైకి చేరి, ఆక్సిజన్‌కు కొదవలేని కొమ్మల్లో ఇథిలిన్ అవుతుంది. ఈ రవాణాను టమాటా మొక్కల్లో స్పష్టంగా గుర్తించారు. ఇథిలిన్ సోకితే మందార మొగ్గలు ఎంత తేలికగా రాలతాయో తెలిసినవారికి మిగతాది ఊహించడం కష్టం కాదు. చెట్టుకు ఎవరి కన్నో తగిలిందనుకునేవారు కొమ్మల వంక చూస్తారు, కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీటిని చూడరు.

అయితే పసుపుబారి రాలిన మొగ్గను ఒకసారి చీల్చి చూడాలి. లోపల సన్నని పురుగులు కదిలితే అది మొగ్గలో గుడ్లు పెట్టే ఒక చిన్న ఈగ పని. ఆ పురుగులు మట్టిలోకి దిగి ప్యూపాలుగా మారతాయి కనుక, రాలిన మొగ్గలన్నిటినీ వెంటనే ఏరి, మూట కట్టి పారవేయాలి. లోపల ఏమీ లేకపోతే కుండీ మట్టిలోకి రెండు అంగుళాల లోతున వేలు దించి, తడి తగిలితే ఆ పూట నీళ్లు మానేయాలి.