ల్యాన్ పోయిన చోటే మొదలైంది

గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న 'ది క్రూ' సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా నడుపుకునే వీలున్న కార్ల గేమ్ అది. అయినా ఆ రోజుతో, డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కూడా తెరుచుకోవడం మానేసింది. అక్కడ పుట్టిందే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం. యూరప్‌లో దాని పిటిషన్ 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. ఈ గొడవ రేగినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంటర్నెట్ కేఫ్ రోజులు తలచుకుంటారు. ఉత్త పాత ముచ్చట్లని తీసిపారేయకండి.

కేఫ్‌లో కౌంటర్-స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్ ఎలా నడిచేది? ఒకడు తన సిస్టమ్‌లోనే సర్వర్ క్రియేట్ చేసి "డస్ట్ 2 పెట్టా, రండ్రా" అని ఆ మ్యాప్ పేరు చెప్పి అరిచేవాడు. మిగతావాళ్లు ల్యాన్ (కేఫ్‌లోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే లోకల్ నెట్‌వర్క్) లిస్టు రిఫ్రెష్ కొట్టేవాళ్లు. కనిపించకపోతే ఆ సిస్టమ్ ఐపీ అడ్రస్ అడిగి గేమ్‌లోని కమాండ్ బాక్స్‌లో టైప్ చేసేవాళ్లు. నెట్ పోయినా రౌండ్ ఆగేది కాదు. టైమ్ అయిపోయి స్క్రీన్ లాక్ పడితేనే టెన్షన్! పేరుకే ఇంటర్నెట్ కేఫ్, ఆ ఆటకు ఇంటర్నెట్‌తో పనే లేదు.

ఆటలు కంపెనీల సర్వర్ల చేతికి పోవడానికి, 2003లో నెట్ ద్వారా గేమ్‌లు అందించే స్టీమ్ రావడమే మలుపని చాలామంది అంటారు. నా లెక్క వేరు. స్టీమ్ వచ్చాక కూడా కౌంటర్-స్ట్రైక్ 1.6లో ల్యాన్ మిగిలింది. తాడు తెగింది 2009లో, స్టార్‌క్రాఫ్ట్ 2 అనే గేమ్‌లో ల్యాన్ ఉండదని దాన్ని తయారుచేసే బ్లిజార్డ్ కంపెనీ చెప్పినప్పుడు. 1998 నాటి మొదటి స్టార్‌క్రాఫ్ట్‌కు దక్షిణ కొరియా పీసీ బాంగ్‌లలో (అక్కడి గేమింగ్ కేఫ్‌లలో) ఎంత ఆదరణ దొరికిందో తెలిసిందే. దాని రెండో భాగానికే ఈ గతి. పైరసీ భయమని కంపెనీ చెప్పింది. అభిమానులు పిటిషన్లు పెట్టినా 2010లో ఆట ల్యాన్ లేకుండానే వచ్చింది. పక్క కుర్చీలో ఉన్నవాడితో ఆడాలన్నా ఇద్దరూ కంపెనీ సర్వర్‌కి వెళ్లాల్సిందే. 2012లో బ్లిజార్డ్‌దే ఇంకో గేమ్ డయాబ్లో 3 ఇంకో అడుగు వేసింది. ఒక్కడే ఆడుకుంటున్నా లాగిన్ తప్పదు. విడుదల రోజున చాలామందికి దక్కింది సర్వర్లు బిజీ అని చెప్పే 'ఎర్రర్ 37'.

కంపెనీల వాదన ఖర్చు గురించి, ప్రైవేట్ సర్వర్లలో చట్టవిరుద్ధ కంటెంట్ గురించి. కానీ సర్వర్లు ఎప్పటికీ నడపమని ఉద్యమం అడగడం లేదు. మూసేటప్పుడు ఆటను ఆడుకునే స్థితిలో వదలమంటోంది, అంతే. అది కుదరని పనేమీ కాదు. 'ది క్రూ 2'కు ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని యూబీసాఫ్టే 2024లో ప్రకటించింది. మొదటి 'ది క్రూ'కు మాత్రం ఇవ్వలేదు.