పిండిలో ఫోలిక్ యాసిడ్: గొడవ వెనకున్న జన్యువు

పుట్టబోయే బిడ్డల్లో వెన్నుపాము లోపాలు రాకుండా, పొట్టు తీసిన గోధుమపిండిలో 100 గ్రాములకు 250 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్ అనే బి విటమిన్‌కు కృత్రిమ రూపం) కలిపి తీరాలని బ్రిటన్ చట్టం చేసింది. మిల్లులకు ఇచ్చిన గడువు 2026 డిసెంబర్. దాంతో ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువులో (ఫోలేట్‌ను ఒంట్లో వాడుకునే రూపానికి మార్చే ఎంజైమ్‌ను తయారుచేసేది ఇదే) తేడా ఉన్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్ పడదన్న పాత ప్రచారం మళ్లీ లేచింది. గర్భిణులకు ఇదో కొత్త టెన్షన్.

మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో ఫోలిక్ యాసిడ్ తయారుచేసిన కథ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పటి గొడవకు మూలం 1995లో ఉంది. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో రీమా రోజెన్ బృందం ఈ జన్యువులో 677వ స్థానంలో ఒక్క డీఎన్‌ఏ అక్షరం తేడా పట్టుకుంది. అక్కడ సి ఉండాల్సిన చోట కొందరికి టి ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ టి వచ్చినవాళ్లలో ఈ ఎంజైమ్ బాగా మందగిస్తుంది. ప్రచారమంతా ఈ ఒక్క ముక్క పట్టుకునే నడుస్తోంది.

కానీ ఆ తర్వాత రెండేళ్లలో తేలినవి చూడాలి. డీఎన్‌ఏలో థైమిన్ (టి అక్షరం అదే) తయారవ్వాలంటే ఫోలేట్ కావాలి. ఫోలేట్ చాలకపోతే థైమిన్ చోట, డీఎన్‌ఏలో ఉండకూడని యురాసిల్ అనే అక్షరం దూరుతుంది. కణం దాన్ని కత్తిరించి తీసేసి ఆ చోటు బాగుచేసుకుంటుంది. రెండు పోగుల్లోనూ దగ్గరదగ్గరగా కోతలు పడితే మాత్రం క్రోమోజోమే తెగిపోతుంది. ఫోలేట్ లోపమున్నవాళ్లలో కణానికి దాదాపు 40 లక్షల యురాసిల్‌లు ఉన్నాయనీ, ఫోలిక్ యాసిడ్ ఇస్తే అవి తగ్గాయనీ 1997లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ బృందం చూపించింది. అదే ఏడాది అమెరికా డాక్టర్లపై జరిగిన అధ్యయనంలో రెండు టిలు ఉన్నవాళ్లకు పెద్దపేగు కేన్సర్ ముప్పు సగమే కనిపించింది. ఫోలేట్ తక్కువైనవాళ్లలో ఆ రక్షణ లేదు. ఎంజైమ్ మందగిస్తే ఫోలేట్ థైమిన్ తయారీకి ఎక్కువ మిగులుతుందని శాస్త్రవేత్తల వివరణ.

అంటే ఈ జన్యువు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది చాలావరకు ఒంట్లో ఉన్న ఫోలేట్‌ను బట్టే ఉంటుంది. అలాంటివాళ్లను ఫోలిక్ యాసిడ్‌కు దూరంగా ఉండమనడం ప్రమాదకరమైన సలహా.

పైగా, బిడ్డల వెన్నుపాము లోపాలు మళ్లీ రాకుండా ఫోలిక్ యాసిడ్ 72 శాతం కాపాడిందని తేల్చిన 1991 నాటి బ్రిటన్ ట్రయల్‌లో జన్యువు చూసి ఎవర్నీ పక్కన పెట్టలేదు. అప్పటికి ఈ తేడా సంగతే తెలియదు. ఒకే మోతాదు తీసుకున్నా రెండు టిలు ఉన్నవాళ్ల రక్తంలో ఫోలేట్, టి లేనివాళ్లకన్నా తక్కువుండేది సగటున 16 శాతమేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మామూలుగా ఈ జన్యు పరీక్ష చేయించనక్కర్లేదని అక్కడి మెడికల్ జెనెటిక్స్ కాలేజీ 2013లోనే చెప్పింది. అయినా పరీక్షలూ, వాటి వెంట ఖరీదైన మిథైల్‌ఫోలేట్ (ఆ ఎంజైమ్ తయారుచేసే ఫోలేట్ రూపం) మాత్రలూ అమ్ముడవుతూనే ఉన్నాయి.

వ్యతిరేకించేవాళ్ల మాటల్లో బరువున్నది ఒకటుంది: ఫోలిక్ యాసిడ్ ఎక్కువైతే పెద్దవయసువాళ్లలో బి12 లోపం బయటపడకుండా ఉండిపోవచ్చని. దానికి వాళ్లకు బి12 పరీక్ష చేయించాలి గానీ, పిండిలో కలపడం ఆపకూడదు.