రాంబాబు మంచోడా, చెడ్డోడా?

చిన్నీ, బుజ్జీ, సంక్రాంతికి మా ఇంట్లో ఒకే దుప్పటి కింద ఆరుగురు దూరి సినిమా చూసిన పిల్లలందరికీ,

ఆ రాత్రి వెంకటేష్ రాంబాబుగా చేసిన దృశ్యం సినిమా అయిపోయాక టీవీ కట్టేసి లైటు వేస్తే మీలో ఒక్కరూ లేవలేదు. చిన్ని నా వైపు తిరిగి "తాతయ్యా, రాంబాబు మంచోడా, చెడ్డోడా?" అంది. నేను నోరు తెరిచేలోపే బుజ్జిగాడు ఇంకోటి అందుకున్నాడు, "ఆ పోలీసావిడ చిన్నపిల్లని కొట్టనిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది కదా, మరి ఆవిడ ఏడుస్తుంటే నాకెందుకు ఏడుపొచ్చింది?" అని. పొద్దున చెప్తాను పడుకోండి అన్నాను. పొద్దున్నే మీ బస్సు, సామాన్లు, అరిసెల డబ్బా మర్చిపోయి సందు చివరి నుంచి వెనక్కి రావడం, ఆ గొడవలో చెప్పనేలేదు. నెలరోజులైంది, ఆ రెండు ప్రశ్నలూ నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను కోర్టులో 32 ఏళ్ళు గుమస్తాగా చేశాను కాబట్టి నాకు ఏ కథయినా ముందు కాగితం మీద పెట్టుకుని చూసే అలవాటు. ఎవరు ఏం చేశారు, ఎప్పుడు చేశారు, అంతే. పోలీసు అధికారి గీత కొడుకు వరుణ్, రాంబాబు పెద్దకూతురు అంజు స్నానం చేస్తుండగా దొంగతనంగా వీడియో తీసి, దాన్ని పట్టుకుని ఇంటికొచ్చి బెదిరించాడు. అంజు ఆ ఫోను పగలగొడదామని రాడ్డు విసిరితే అది వాడి తలకి తగిలింది. వాడు చనిపోయాడు. తల్లీకూతుళ్ళు భయపడి పెరట్లో పాతిపెట్టారు. ఇదంతా జరిగినప్పుడు రాంబాబు ఇంట్లో లేడు. కేబుల్ ఆఫీసులో కూర్చుని సినిమా చూస్తున్నాడు. ఆయన చేసిందంతా ఆ తర్వాతే. శవాన్ని పెరట్లోంచి తీసి వేరేచోట దాచాడు. ఇంటిల్లిపాదినీ ఇంకో ఊరు తీసుకెళ్ళి, వరుణ్ చనిపోయిన రోజే అక్కడ ఉన్నట్టు కండక్టరునీ, హోటలు వాళ్ళనీ, అందర్నీ నమ్మించాడు.

చూశారా, మనం అందరం రాంబాబు తప్పు చేశాడా లేదా అని కొట్టుకుంటాం గానీ, రాడ్డు ఎత్తింది ఆయన కాదు. మానం కాపాడుకోవడానికి చెయ్యెత్తే హక్కు పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. సాక్ష్యం మాయం చేయడం మాత్రం రెండింట్లోనూ నేరమే, అప్పుడు 201, ఇప్పుడు 238. సెక్షన్ల సంగతి ఇంతటితో ఆపేస్తాను, ఎందుకంటే చిన్ని అడిగింది సెక్షను గురించి కాదు.

మీరెవరైనా నల్లజీడి గింజ చూశారా? చూసి ఉండరు. ఇప్పుడు ఆయుర్వేద మందుల కొట్లో తప్ప కనపడదు. నల్లగా, నున్నగా, గుండె ఆకారంలో, బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. మా చిన్నప్పుడు మా వీధి బట్టలన్నీ ఉతికే ముసలాయన ఒకాయన ఉండేవాడు, మేమంతా రేవు తాత అనేవాళ్ళం. ఆయన నడుముకి చిన్న గుడ్డ సంచి, అందులో ఈ గింజలు. పాతిక ఇళ్ళ బట్టలు ఒకే రేవులో పడితే ఎవరివి ఎవరివో తెలియాలి కదా, దానికి ప్రతి ఇంటికీ ఒక గుర్తు. సూదితో గింజని పొడిస్తే సూదిమొన మీద చిన్న బొట్టులా రసం వస్తుంది. దాంతో చొక్కా కాలరు లోపలి వైపు గీసి, పైన తడి సున్నం రుద్దేవాడు. గీసినప్పుడు గోధుమరంగులో పలచగా, ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. సున్నం, గాలి తగిలేసరికి కాటుకలా నల్లబడుతుంది. ఇక అంతే. చౌడు పెట్టినా, బండకేసి బాదినా, ఎండలో నెల రోజులు ఆరేసినా పోదు. మా ఇంటి గుర్తు రెండు చుక్కలు, కింద ఒక గీత.

రసం ఆ రాత్రి అంజు చేతిమీద పడింది. సున్నం రుద్దింది మాత్రం తండ్రి. నాకు ఎన్నిసార్లు ఆలోచించినా ఈ సినిమా అలాగే అర్థమవుతోంది. పిల్ల మీద ప్రేమతోనే రుద్దాడు, ఇంట్లో నలుగురికీ ఒకే గుర్తు పడేలా రుద్దాడు. ఇంకా లోకం తెలియని చిన్నకూతురు అను చేత కూడా ఆ తేదీ, ఆ ఊరు, ఆ హోటలు అన్నీ వల్లె వేయించాడు. ఇల్లు మొత్తానికి ఒకే గుర్తు, కాలరు లోపలి వైపు, బయటివాళ్ళకి కనపడదు. చొక్కా పాతబడుతుంది, చిరుగుతుంది, చివరికి దీపం బుడ్డి తుడిచే గుడ్డ అవుతుంది, అయినా ఆ ముక్క మీద రెండు చుక్కలూ గీతా అలాగే ఉంటాయి. 2021లో వచ్చిన రెండో భాగం మీరింకా చూడలేదు. అందులో రాంబాబుకి డబ్బొస్తుంది, సొంతంగా సినిమా హాలు కూడా ఉంటుంది. కానీ పెద్దపిల్లకి పోలీసులంటే మూర్ఛ వచ్చేంత భయం. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ శిక్ష వేయలేదు, మరి ఆ పిల్లకి ఏమైనట్టు?

సాక్షుల గురించి కూడా చెప్పాలి, అది నాకు తెలిసిన సంగతి కాబట్టి. మా కోర్టులో ఒకే గొడవ చూసిన ఇద్దరు మనుషులు ఒకేలా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఒకడు సైకిలు ఎర్రదంటాడు, ఇంకొకడు అసలు సైకిలే లేదంటాడు. నలుగురు అక్షరం పొల్లుపోకుండా చెప్పారంటే ప్లీడర్లు చెవులు రిక్కిస్తారు. పోలీసావిడ గీత కూడా ఆ ఇంటి నలుగురినీ అక్కడే అనుమానించింది. మరి కండక్టరూ, హోటలు వాళ్ళూ, సినిమా హాలు వాళ్ళూ? వాళ్ళు చూసింది చూసినట్టే చెప్పారు, తేదీ ఒక్కటే మారింది. అబద్ధం చెప్పని మనుషుల్ని నిలబెట్టి ఒక అబద్ధాన్ని నిలబెట్టాడాయన. ఇది చూసి థియేటర్లో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక మాత్రం పాపం ఆ కండక్టరుకి ఎప్పటికైనా ఈ సంగతి తెలిస్తే తన జ్ఞాపకాన్ని తనే ఎలా నమ్ముకుంటాడు అనిపించింది.

ఇప్పుడు మీకు ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి చెప్తాను.

నాలుగో క్లాసులో ఉండగా రేవు తాత సంచిలోంచి ఒక గింజ తీశాను. తుమ్మముల్లుతో పొడిచి, మా తమ్ముడు నిద్రపోతుంటే వాడి ముంజేతి మీద మా ఇంటి గుర్తే గీశాను, రెండు చుక్కలు, కింద గీత. సరదాకే. మర్నాటికి ఆ చెయ్యి జీడి పొంగి, నీళ్ళపొక్కులు లేచి, మోచేతి దాకా ఎర్రగా వాచిపోయింది. వాడు రాత్రంతా ఏడ్చాడు. అమ్మ కొబ్బరినూనె రాస్తూ ఎవర్రా చేసింది అంటే నా నోట్లోంచి రేవు తాత మనవడి పేరు వచ్చింది. వాడు నా ఈడువాడే, రోజూ నాతో గోళీలు ఆడేవాడు. మా నాన్న వెళ్ళి చెప్పారు, వాణ్ణి వాళ్ళ నాన్న చింతబరికెతో కొట్టాడు. నేను మా అరుగు మీద నిలబడి ఆ దెబ్బలు విన్నాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను కూడా, ఎందుకు లెక్కపెట్టానో ఇప్పటికీ తెలీదు. వాడు నేను చేయలేదు అని ఒక్కసారే అన్నాడు, తర్వాత అనలేదు. మర్నాడు రేవు తాత బట్టల మూటకి వచ్చి, తమ్ముడి చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ గీత ఎవరు గీశారో ఆయనకి తెలిసిపోయిందని నాకనిపించింది. ఏమీ అనలేదు. మూట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు సంక్రాంతికి నాకు కొత్త చొక్కా కుట్టించారు, లేత నీలం రంగు. మొదటి ఉతుక్కి వెళ్ళి తిరిగొచ్చింది. విప్పి చూస్తే గుర్తు కాలరు లోపల లేదు. బయటి వైపు, ముందు, అందరికీ కనపడేలా ఉంది. కొంచెం వంకరగా. నా గుండె ఆగినంత పనైంది. రేవు తాత మనవడే పెట్టాడు, పగ తీర్చుకున్నాడు అనుకున్నాను. అమ్మకి చెప్పుకోవాలంటే అసలు సంగతి చెప్పాలి. బడికి వెళ్తే అందరూ ఆ గుర్తునే చూస్తున్నట్టు ఉండేది. మెడ మీద చెయ్యి పెట్టుకుని తిరిగాను. ఎవరూ అడగలేదు, ఒక్కరు కూడా.

కాలరు మడత తిరగబడిందేమో, రేవు తాతకి అప్పటికే చూపు మందగించింది, దీపం వెలుతురులో అటుది ఇటు అనుకున్నాడేమో అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. వాడు కావాలని పెట్టాడా, ముసలాయన పొరపాటున పెట్టాడా? అడగడానికి ఇద్దరూ లేరు. తప్పు చేసినవాడికి ప్రతిదీ పగలాగే కనపడుతుంది పిల్లలూ. తలుపు తడితే పోలీసు, ఎవరైనా నవ్వితే తెలిసిపోయింది. ఈసారి సినిమా చూస్తే రాంబాబు భార్య జ్యోతినే చూడండి. రాంబాబు మాటల్లో ఏదీ దొరకదు, మాట ఆయన చేతిలో ఉంది. ఆమె మొహం ఎవరి చేతిలోనూ లేదు.

ఇక బుజ్జిగాడి ప్రశ్న. గీత పోలీసు అధికారి, తల్లి. కొడుకు పోయాడని లోపల తెలుస్తోంది, శవం దొరకదు. ఆవిడ పగ పట్టింది. తన పిల్లవాడి కోసం ఇంకొకరి పిల్లని కొట్టనిచ్చింది. పక్కన భర్త ప్రభాకర్ ఉన్నాడు కదా, ఆయనదీ అదే కొడుకు, అదే దుఃఖం. ఆయన మాత్రం కొట్టొద్దన్నాడు. చివర్లో నీళ్ళ ఒడ్డున రాంబాబు ముందు నిలబడి ఆ తండ్రి అడిగింది నిన్ను వదలను అని కాదు, మా పిల్లవాడు ఏమయ్యాడు అని. ఒకే దుఃఖంలోంచి ఒకరికి పగ వచ్చింది, ఒకరికి ప్రశ్న వచ్చింది. బుజ్జీ, నీకు ఏడుపొచ్చింది ఆ ప్రశ్నకేమో.

మనకిది కొత్త కాదు. నిద్రపోతున్న ఉపపాండవుల్ని అశ్వత్థామ చంపాడు. భారతంలో ద్రౌపది వాణ్ణి చంపి, వాడి తలమణి తెస్తేగానీ లేవనని నిరాహారంగా కూర్చుంటుంది. అదే ద్రౌపది పోతన గారి భాగవతంలో, అర్జునుడు వాణ్ణి కట్టి తెచ్చి ముందు పడేస్తే, విడిచిపెట్టమంటుంది, నేను ఏడ్చినట్టు వీడి తల్లి ఏడవకూడదు అంటుంది. అదే తల్లి, రెండు పుస్తకాలు. ఇందులో నిజమైన ద్రౌపది ఎవరు అని మా నాన్నని అడిగితే, "రెండూ చదివావుగా, ఇంకేం కావాలి?" అన్నారు. అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు మీకు నేనూ అంతకంటే చెప్పలేకపోతున్నాను.

ఈ కథ ముందు 2013లో మలయాళంలో వచ్చింది, 2014లో మన వెంకటేష్ చేశాడు. 2019లో చైనాలో తీసినప్పుడు అక్కడి తండ్రి చివర్లో వెళ్ళి లొంగిపోతాడు. మన రాంబాబు లొంగడు. శవం కొత్త పోలీస్ స్టేషను నేల కిందే ఉంది, ఆయన అక్కడికే వెళ్ళి సంతకం పెట్టి వస్తాడు. రెండో భాగంలో ఆ కుర్రాడి అస్థికలు మాత్రం తల్లిదండ్రులకి చేరేలా చూస్తాడు. అది పశ్చాత్తాపమా, ఆ తండ్రి మీద జాలా, తన బరువు దించుకోవడమా? నాకైతే మూడూ అనిపిస్తుంది. మీరు చూసి నాకు రాయండి.

చిన్నీ, అమ్మలూ, ఒక్క మాట మాత్రం తాతగా చెప్తాను, మిగతా ఆడపిల్లలూ మగపిల్లలూ కూడా వినండి. ఎవడైనా ఫోటో అనో వీడియో అనో బెదిరిస్తే ఆ రాత్రే మాకు చెప్పండి. ఎంత రాత్రయినా సరే, తిట్టను, ఎందుకు జరిగింది అని కూడా అడగను. పిల్లలకి 1098 ఉంది, సైబర్ నేరాలకి 1930 ఉంది, ఫోను నేనే చేస్తాను, స్టేషనుకి నేనే వస్తాను. సున్నం పడకముందే రండి.

వేసవికి వచ్చినప్పుడు అటక మీది రేకుపెట్టె దింపుదాం. అడుగున మా నాన్న పంచె ఉంది, అంచు తిప్పితే రెండు చుక్కలు, గీత కనపడతాయి. దాని కింద మా అమ్మ దాచిన నీలం చొక్కా ఉంది, ఇప్పుడు బుజ్జికి కూడా పట్టదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కాలరు మడత అటూ ఇటూ తిప్పి బాగా చూడండి. అది కావాలని పెట్టిందో పొరపాటో మీ ఆరుగురూ చూసి చెప్పాలి.

మీ తాతయ్య