చిన్నా వచ్చాడు; చిన్నా, వచ్చాడు

విశాఖపట్నం

చిరంజీవులు బుజ్జికీ చిన్నాకీ అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

ఈ వయసులో అమ్మమ్మకి ఎడిటింగ్ క్లాసులేంటని చిన్నా తెగ నవ్వాడట. నవ్వుకోనీ. ద్వారకానగర్‌లో ఆదివారం ఆదివారం వెళ్తున్నాను. మా బ్యాచ్‌లో నాకన్నా పెద్దాయన ఒకరున్నారు, పోర్టులో చేసి రిటైరయ్యారు. ఆయన ముందు నేను కుర్రదాన్నే. "అక్కడ ఏం నేర్పుతారు, కామాలు పెట్టడమా?" అని బుజ్జి అడిగింది కదా. అవునమ్మా, అదే. ఫోన్లో చెప్తే తెలిసేది కాదు, కళ్ళతో చూడాలి. అందుకే ఈ ఉత్తరం.

సింహాచలం గుడిలో శాసనాలు చూపించాను, గుర్తుందా? శ్రీకృష్ణదేవరాయలు 1516లో వేయించినది కూడా వాటిలో ఉంది. అక్షరాలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, కామా అసలే ఉండదు. అయినా చదివేవాళ్ళు చదివారు. దానికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో క్రియ మామూలుగా చివర వస్తుంది కాబట్టి 'వెళ్ళాడు' అనగానే వాక్యం అయిపోయిందని తెలుస్తుంది. 'వెళ్ళాడా' అని దీర్ఘం తీస్తే అది ప్రశ్న. ఎవరో అన్న మాట ఎక్కడితో అయిందో 'అని' చెప్పేస్తుంది. 'అన్నా చెల్లీ వచ్చారు' అంటే ఆ దీర్ఘాలే ఇద్దర్నీ కలిపేస్తాయి. పద్యాలకి మాత్రం నిలువు గీతలు ఉండేవి. ఇప్పుడు మనం వాడే కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం అచ్చు పుస్తకాలతో పాటు ఇంగ్లీషు నుంచి వచ్చాయి. అంటే సగం పని భాష ముందే చేసిపెట్టాక వచ్చి చేరిన గుర్తులన్నమాట.

ఈ సంగతి తెలియకుండా కామాలు చల్లడమే ఇప్పుడు పెద్ద జబ్బు. మా సార్ ఒక పేజీలో గుర్తులన్నీ తీసేసి, మీరు పెట్టండని మా చేతికిచ్చారు. అందరం పెట్టాక ఒక్కో కామా మీదా వేలు పెట్టి, "ఇది తీసేస్తే ఏం పోతుంది?" అని అడిగారు. ఏమీ పోదంటే కొట్టేయమన్నారు. 'కానీ' తర్వాత పెట్టినవి మొత్తం ఎగిరిపోయాయి. కామా కావాలంటే దాని ముందు ఉండాలి: వస్తానన్నాడు, కానీ రాలేదు.

ఒక్కచోట మాత్రం క్లాసంతా చీలిపోయింది. 'కారులో వచ్చిన డాక్టరు గారి అబ్బాయి' అని ఉందక్కడ. కారులో వచ్చింది ఎవరు? డాక్టరు గారా, అబ్బాయా? పోర్టు ఆయన డాక్టరే అని పట్టుబట్టారు. అబ్బాయిలకి కార్లెవరిస్తారండీ అని ఆయన వాదన! వచ్చింది అబ్బాయే అయితే 'కారులో వచ్చిన, డాక్టరు గారి అబ్బాయి' అని రాయాలి. ఇక్కడ కామా తీస్తే మనిషే మారిపోతాడు. 'పాత పుస్తకాల షాపు'లో పాతవి పుస్తకాలు. షాపే పాతదైతే 'పాత' తర్వాత కామా పెట్టాలి, లేదా మాటలు అటూ ఇటూ మార్చి 'పుస్తకాల పాత షాపు' అనాలి. నాకైతే మార్చి రాయడమే నచ్చుతుంది.

కామా చోటు మారితే ఉరిశిక్ష తప్పిపోయే జోకు ఒకటి అందరూ చెప్తారు, మీరూ వినే ఉంటారు. నాకు దానిమీద పెద్ద గౌరవం లేదు. అంతకన్నా మన ఇంట్లోదే బాగుంది. 'చిన్నా వచ్చాడు' అంటే వచ్చింది చిన్నా. 'చిన్నా, వచ్చాడు' అంటే ఇంకెవరో వచ్చారని చిన్నాకి చెప్తున్నాం. పిలుపు తర్వాత కామా ఎందుకో ఇంతకన్నా వివరంగా నేను చెప్పలేను.

బుజ్జీ, నీ వ్యాసంలో 'ఎప్పుడొస్తావో చెప్పు?' అని ఉంది. అందులో 'ఎప్పుడు' ఉన్నా అది ప్రశ్న కాదు, చెప్పమని అడగడం. ఫుల్‌స్టాప్ చాలు. అలాగే 'వస్తావా అని అడిగాడు' అని మామూలుగా రాస్తే ప్రశ్నార్థకం అక్కర్లేదు. అతని మాటల్ని కొటేషన్‌లో పెడితేనే కావాలి, అదీ కొటేషన్ లోపల: "వస్తావా?" అని అడిగాడు.

సెమికోలన్ జోలికి ఇప్పుడే పోకండి. 1490ల్లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ఆయన దాన్ని అచ్చులోకి తెచ్చాడు. ఇంగ్లీషులో దానికి చాలా పనుంది. మనకి 'వచ్చి', 'చూసి', 'వెళ్తే' లాంటివి ఉన్నాయి కాబట్టి ఎప్పుడో తప్ప అవసరం రాదు. ఈ ఉత్తరం పేరులో సరదాకి ఒకటి వాడుకున్నాననుకోండి.

ఇక చిన్నా మెసేజీల్లో ఆశ్చర్యార్థకాలు. "అన్నం తిన్నా!!!!" అంటే ఇక్కడ నాకు టెన్షన్, ఏమైందో అని. ఒకటి చాలు, అన్నానికి అదీ వద్దు. కామా ముందు ఖాళీ వదలొద్దు, తర్వాత వదులు. ముందు వదిలితే అచ్చులో ఆ కామా ఒంటరిగా కింది లైను మొదట్లోకి దిగిపోతుంది.

ప్రూఫు దిద్దేటప్పుడు మేం ఫుల్‌స్టాప్‌కి చుట్టూ సున్నా చుడతాం. ఉత్త చుక్క పెడితే కాగితం మీద మరక అనుకుని వదిలేస్తారు. కొట్టేయాల్సిన దానికి గీత లాగి చివర మెలిక తిప్పుతాం. నా చేతికి ఆ మెలిక ఇప్పుడిప్పుడే సరిగ్గా తిరుగుతోంది.

బుజ్జీ, స్కూలు మ్యాగజైన్‌కి రాసింది పంపిస్తానన్నావు. ప్రింటు తీసి పంపు, ఫోటో వద్దు. లైనుకీ లైనుకీ మధ్య బాగా చోటు వదులు, ఎర్ర పెన్నుతో రాయాలి కదా.

అమ్మమ్మ