మంటకు కరగని సిరామిక్‌లు ఎందుకు విరుగుతాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

జిర్కోనియం డైబోరైడ్ కరగాలంటే సుమారు 3,245 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ధ్వని కంటే ఐదు రెట్లకు మించిన వేగంతో ఎగిరే వాహనాల ముక్కుకొనలకు, రెక్కల పదునైన అంచులకు ఈ జాతి సిరామిక్‌లను పరిశీలిస్తున్నది అందుకే. అయితే కరగకపోవడం వేరు, విరగకపోవడం వేరు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారి నోట నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఇంత గట్టి పదార్థం అంత తేలిగ్గా విరగదు.

వాస్తవం: గీత పడనివ్వనిది కాఠిన్యం. ఎంత ఒత్తిడి దాకా తట్టుకుంటుందో చెప్పేది బలం. ఉన్న పగులును ముందుకు సాగనివ్వనిది పగులు నిరోధం. మూడూ వేర్వేరు గుణాలు. పగులు నిరోధం చాలా రకాల ఉక్కుల్లో 50 మెగాపాస్కల్ రూట్ మీటర్ దాటుతుంది. మన సిరామిక్‌లలో 3 నుంచి 5 మధ్య ఉంటుంది. ఒకసారి లెక్క వేసి చూడండి. ఆ విలువ 4 ఉన్న కడ్డీ మీద 500 మెగాపాస్కల్ ఒత్తిడి పడితే, ఉపరితలంపై సుమారు 40 మైక్రోమీటర్ల లోతు గాటు ఉంటే చాలు, కడ్డీ రెండు ముక్కలవుతుంది. అది తల వెంట్రుక మందంలో దాదాపు సగం.

అపోహ: సిలికాన్ కార్బైడ్ ఎంత ఎక్కువ కలిపితే అంత బలం.

వాస్తవం: జిర్కోనియం డైబోరైడ్‌లో దీన్ని సాధారణంగా ఘనపరిమాణంలో 10 నుంచి 30 శాతం కలుపుతారు. అది డైబోరైడ్ రేణువులను పెరగనివ్వదు, ఆక్సీకరణ వేళ ఉపరితలంపై గాజులాంటి రక్షణ పొరను ఏర్పరుస్తుంది. కానీ బలాన్ని తేల్చేది శాతం కన్నా కార్బైడ్ రేణువుల పరిమాణమే. విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, పగులు గీతలను వెనక్కి అనుసరిస్తూ వెళ్లండి. అవి మొదలైన చోట చాలాసార్లు కనిపించేది సరిగా కలవక ఉండకట్టిన సిలికాన్ కార్బైడే.

దీని వెనుక ఇంకో కారణం ఉంది. దాదాపు 1,900 డిగ్రీల నుంచి చల్లారేటప్పుడు డైబోరైడ్ ఎక్కువగా, కార్బైడ్ తక్కువగా కుంచించుకుంటాయి. దాంతో కార్బైడ్ రేణువు నొక్కుడులో, దాని చుట్టూ ఉన్న డైబోరైడ్ లాగుడులో మిగిలిపోతాయి. రేణువులు చిన్నవైతే ఈ ఒత్తిడి మేలే చేస్తుంది: పగులు తిన్నగా పోలేక వంకర తిరుగుతూ శక్తి కోల్పోతుంది. రేణువులు సుమారు 10 మైక్రోమీటర్లు దాటితే, బయటి బరువేమీ లేకుండానే చల్లారే దశలోనే సూక్ష్మమైన పగుళ్లు పుడతాయి, బలం పడిపోతుంది. అందుకే శాతం మార్చే ముందు పొడి ఎంత మెత్తగా ఉందో, ఎంత బాగా కలిసిందో చూడమంటాను.

అపోహ: కాస్త నికెల్ కలిపితే సింటరింగ్ (పొడిని కరిగించకుండా వేడితో గట్టి ముద్దగా మార్చడం) సులువవుతుంది, నష్టమేమీ లేదు.

వాస్తవం: సులువవుతుంది, నిజమే. కానీ ఆ లోహం రేణువుల సరిహద్దుల్లో తక్కువ వేడికే కరిగే పొరగా మిగిలి, అసలు అవసరమైన వేడిలో మెత్తబడుతుంది. దీనికన్నా పొడి రేణువుల మీది ఆక్సైడ్ పొరను తొలగించడం మేలు. రేణువులు దగ్గరపడి గట్టిపడకుండా ముతకబారడానికి కారణం ఆ పొరే. కొద్దిపాటి కార్బన్ గాని బోరాన్ కార్బైడ్ గాని ఆ ఆక్సైడ్‌తో చర్య జరిపి, ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్ వాయువుగా బయటికి పంపేస్తుంది. ఒత్తిడి లేని కొలిమిలో కూడా ముద్ద చిక్కబడేది ఇలాగే. తన పని చేసి తప్పుకునే ఇలాంటి పదార్థాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

అపోహ: కార్బన్ ఫైబర్లు వేస్తే అన్నీ మెరుగవుతాయి.

వాస్తవం: పొట్టి ఫైబర్లు పగులు నిరోధాన్ని పెంచుతాయి, వంపు బలాన్ని మాత్రం తరచుగా తగ్గిస్తాయి. గాలి తగిలితే దాదాపు 500 డిగ్రీల నుంచే కార్బన్ కాలిపోవడం మొదలవుతుంది. ఇక పగులు నిరోధం కోసం కలిపే జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) స్ఫటిక రూపం మారుతూ పగులును అడ్డుకునే ప్రభావం సుమారు 1,170 డిగ్రీలు దాటాక ఉండదు. అంటే అది గది ఉష్ణోగ్రత పరీక్షలో చూపిన మేలును అసలు వాడుకలో ఆశించలేం.

అపోహ: వజ్రపు మొనతో నొక్కినప్పుడు పడే వికర్స్ గుంట మూలల్లో పగుళ్ల పొడవు కొలిస్తే పగులు నిరోధం తెలిసిపోతుంది.

వాస్తవం: ఆ పద్ధతిలో ఏ సమీకరణం వాడితే ఆ విలువ వస్తుంది. ఒకే ముద్దలోని నమూనాలను వరుసగా పోల్చడానికి ఉపయోగపడవచ్చు. నిజమైన విలువ కావాలంటే సన్నని గాటు పెట్టిన కడ్డీలను వంచి విరిచే పరీక్ష చేయాలి. పరీక్ష పద్ధతి, ఉష్ణోగ్రత, విరిచిన కడ్డీల సంఖ్య రాయని పట్టికలోని అంకెలను నేను పోలికకు తీసుకోను.