పెట్టారా, పెట్టుకున్నావా?

బుజ్జికీ, చిన్నోడికీ మామ్మ ఆశీస్సులు.

'క్రమశిక్షణ'కి సొంతవాక్యం రాయమంటే ఇద్దరూ 'విద్యార్థులు క్రమశిక్షణతో మెలగాలి' అని రాశారట. మీ అమ్మ బడికెళ్ళే రోజుల్లోనూ ఇదే వాక్యం. తప్పు లేదు గానీ, అందులో సొంతం ఏముందర్రా? ఫోన్లో చెబుదామంటే మాటిమాటికీ సిగ్నల్ పోతోంది, అందుకే కాగితం తీశాను.

ముందు ఆ మాట విప్పి చూడండి. క్రమం, శిక్షణ. పిల్లలకి అందులో 'శిక్ష' ఒక్కటే వినిపించి బెత్తం గుర్తొస్తుంది. నిజానికి సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. ఆరు వేదాంగాల్లో ఒకదాని పేరే శిక్ష, అది ఉచ్చారణ నేర్పే శాస్త్రం. హిందీలో ఇప్పటికీ శిక్షా అంటే చదువే. చేయగలగడం అనే అర్థమున్న 'శక్' ధాతువు నుంచి పుట్టింది. చేయగలగాలనే కోరిక అన్నమాట. మన వాడుకలో మాత్రం శిక్షకి దండనే మిగిలింది, నేర్పడం శిక్షణకి పోయింది. పేపర్లో 'క్రమశిక్షణ చర్యలు' అని వస్తే ఎవరికో ఉద్యోగం మీదకి వచ్చిందని అర్థం. పాపం, మంచి మాటకి చెడ్డపేరు!

పైగా ఇంట్లో ఎవరైనా 'ఒరేయ్, క్రమశిక్షణగా కూర్చో' అంటారా? 'కుదురుగా కూర్చో' అంటారు. 'బుద్ధిగా చదువుకో', 'పద్ధతిగా ఉండు', 'వేళకి తిను' అంటారు. వీటిలో నాకు ఇష్టమైనది కుదురు. మట్టికుండకి అడుగు గుండ్రం, నేల మీద పెడితే దొర్లిపోతుంది. కింద గడ్డితో చుట్టిన చుట్ట ఒకటి వేసి దాని మీద నిలబెడతారు. ఆ చుట్ట పేరు కుదురు. కొబ్బరిమొక్క మొదట్లో నీళ్ళు నిలవడానికి చేసే పాదునీ కుదురంటారు, చేలో వరి దుబ్బునీ కుదురంటారు. మన మామిడికుదురు ఊరి పేర్లోనూ ఆ మాటే వినిపిస్తుంది. కుదురుగా ఉండమంటే బొమ్మలా కదలకుండా ఉండమని కాదు, నిలకడగా ఉండమని.

మామిడికుదురు దాకా వచ్చాం కాబట్టి ఇంకోటి. ఆ పక్కనే ఆదుర్రులో పాత బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి, సెలవుల్లో చూపిస్తాను. బౌద్ధంలో భిక్షువులు ఎలా నడుచుకోవాలో చెప్పే గ్రంథభాగాన్ని వినయపిటకం అంటారు. అక్కడ వినయం అంటే నడవడిక నియమాలు. మనకొచ్చేసరికి వినయం అంటే తలవంచుకుని 'ఆయ్, అలాగేనండి' అనడం అయిపోయింది.

'పద్ధతి' మాటతో నాకో పేచీ ఉంది. 'పద్ధతైన పిల్ల' అని ఆడపిల్లనే అంటారు. రాత్రి పదింటికి ఇల్లు చేరే మగపిల్లాణ్ణి ఎవరూ ఏమీ అనరు. బుజ్జీ, ఎవరైనా నిన్ను అలా అంటే, అదే మాట మీ తమ్ముడికీ వర్తిస్తుందా అని అడుగు. నేను చెప్పానని చెప్పు.

ఇక అసలు సంగతి. ఈ మాటలన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఏ మాట ఎక్కడ వాడాలో తెలియాలంటే దాని పక్కన ఏ క్రియ వస్తుందో చూడండి. 'పిల్లల్ని అదుపులో పెట్టారు' అంటాం. బండి అదుపు తప్పుతుంది, పోలీసులు దొంగని అదుపులోకి తీసుకుంటారు. అదుపులో ఒకరు పట్టుకునేవారు, ఒకరు పట్టుబడేవారు. నియమం అలా కాదు. 'రోజూ పొద్దున్నే లేవాలని నియమం పెట్టుకున్నాడు' అంటాం. కార్తీకమాసంలో కోటిపల్లి రేవులో స్నానాలు చేసేవాళ్ళు, మాల వేసుకుని నలభై ఒక్క రోజులు దీక్షలో ఉండేవాళ్ళు, వాళ్ళది నియమం, నిష్ఠ. ఎవరూ పట్టుకు లాగలేదు. 'అలవాటు చేశారు', 'అలవాటు చేసుకున్నాడు'. 'తప్పు దిద్దారు', 'తప్పు దిద్దుకున్నాడు'. 'చేసుకున్నాడు', 'దిద్దుకున్నాడు'లో చేరింది 'కొను' అనే క్రియ. అది వచ్చి చేరగానే పని ఆ మనిషి చేతిలోకే వచ్చేస్తుంది. ఆ చిన్న ముక్క కనిపెట్టడం వస్తే సగం వ్యాకరణం వచ్చినట్టే.

మీ తాతయ్య సంగతి చెబుతాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా కాలువ నీళ్ళ మీదే బతుకుతోంది. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నీళ్ళకి లోటుండదు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదావరి సన్నబడితే, సీలేరు నుంచి వదిలే నీళ్ళు కలిసినా చాలక, వంతులు పెడతారు. ఓ ఏడాది మన చేను పొట్టమీద, అంటే వెన్ను తీయబోయే దశలో ఉంది, నేల నెర్రెలిచ్చింది. మన గట్టు పక్కనే బోదె, అదే పిల్లకాలువ, నిండుగా పారుతోంది, కానీ ఆ వంతు కాలువ చివర పొలాలున్న శివారు వాళ్ళది. చేతిలో పార ఉంది, తూము మూతికి కుక్కిన గడ్డీ మట్టీ లాగేస్తే చాలు, రాత్రి పూట కాలువ చూసుకునే లస్కరు కూడా రాడు. మీ తాతయ్య తెల్లార్లూ గట్టు మీద కూర్చుని, ప్రభుత్వాన్నీ గోదావరినీ శివారు వాళ్ళనీ వరసపెట్టి తిట్టారట. తూము మాత్రం తీయలేదు. 'వంతు మనది కాదు గదా' అన్నారు పొద్దున్న, కాఫీ తాగుతూ, ఇంకా విసుక్కుంటూనే. ఆయన్నెవరూ క్రమశిక్షణ గల మనిషి అనలేదు, 'వంతు తప్పని మనిషండి' అనేవారు. నీళ్ళు తీసేద్దామన్న కోరికని అదుపులో పెట్టుకున్నారని మీరు రాయొచ్చు. చూశారా, అదుపు పక్కన కూడా 'కొను' వచ్చింది! అదుపు వేరొకరే చేయాలని లేదన్నమాట.

కాబట్టి సొంతవాక్యం ఇలా రాయండి: 'మా తాతయ్య కోపంగా ఉన్నా వంతు నీళ్ళ విషయంలో క్రమశిక్షణ తప్పలేదు.' ఇద్దరూ ఇదే రాస్తే దొరికిపోతారు. చిన్నోడు వేరే ఏదైనా చూసుకోవాలి, క్రికెట్ కోచింగ్ గురించి రాసుకో. ఇంకో మాట, మొన్న పంపిన ఫొటోలో చిన్నోడు 'క్రమశిక్షన' అని రాశాడు. చివర 'ణ' రావాలి, నాలుక మడత పెట్టి పలికితే తెలుస్తుంది. 'క్ష'ని 'చ్చ' అనకండి. పదిసార్లు రాసి పంపు.

మీ మామ్మ